పదమూడో నంబరు చొక్కా

బాస్కెట్‌బాల్ జట్టు బట్టలన్నీ ఇరవై రెండేళ్లుగా లాండ్రీ మామే ఉతుకుతున్నాడు. సీజన్‌లో మూడు మ్యాచ్‌లు అయ్యాయో లేదో, అభిమానులు అతని ఇస్త్రీ బల్ల చుట్టూ చేరి జట్టు జాతకం చెప్పేస్తున్నారు. ఆడలేని వాళ్లందరికీ ఆట తెలుసు కదా!

"మన బలమంతా ఆ పొడుగాడే. కొండంత అండ!" అన్నాడు ఆటోడ్రైవరు.

"బలహీనత కూడా అదే. వాడు కూర్చుంటే ఆడే దిక్కేది?" అన్నాడు కంపౌండరు. "నువ్వేమంటావు మామా?"

మామ తల వంచి ఇస్త్రీ పెట్టెను మరింత గట్టిగా రుద్దాడు. పొడుగాడు దగ్గినప్పుడల్లా తువ్వాళ్ల మీద రక్తం పడుతోంది. "ఎవరికీ చెప్పకు మామా, తెలిస్తే నన్ను పక్కన పెట్టేస్తారు" అని వాడు చేతులు పట్టుకున్నాడు. ఆ మరకల్ని మామ చన్నీళ్లలో నానబెట్టి, ఆనవాలు లేకుండా వదలగొడుతున్నాడు.

"నాకు మురికి తప్ప ఆటేం తెలుసురా?" అన్నాడు.

నాలుగో మ్యాచ్‌లో పొడుగాడు కుప్పకూలాడు. మళ్లీ లేవలేదు.

మర్నాడు మూటలో పదమూడో నంబరు చొక్కా వచ్చింది. ఆస్పత్రివాళ్లు కత్తెరతో దాన్ని నిలువునా కోసేశారు. మామ వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. ఒక్క మరకా లేదు.

అయినా సాయంత్రం దాకా దాన్ని ఉతుకుతూనే ఉన్నాడు.