అనాసేని టీచర్‌కి రంగులు రావు

మా అనాసేని టీచర్‌కి రంగులు తెలియవు. తెలియవని ఒప్పుకునే గుణం అసలే లేదు. ఆవిడ ఉద్యోగమేమో పిల్లలకు రంగులు నేర్పడం.

వవావూ దీవిలో మా బాలబడి. ఆవిడ చాప మీద బొమ్మలన్నీ గుమ్మరించి, చుట్టూ రంగు రంగుల మొగలాకు బుట్టలు పెట్టేది. ఏ రంగు బొమ్మ ఆ రంగు బుట్టలో పడాలి. ముందుగా తనే ఎర్ర లారీ తీసి, ఠీవిగా నీలం బుట్టలో పడేసేది.

"టీచర్! అది ఎరుపు!"

"ఎవరన్నారు? సముద్రం రంగేగా ఇది?"

"సముద్రం నీలం టీచర్!"

"మీ వైపుది నీలమేమో. మా ఇంటి వైపు సముద్రం ఎరుపే."

ఇక యుద్ధమే. నాలుగేళ్ల పిల్లలు ఆవిడ చెయ్యి పట్టి బయటికి లాక్కెళ్లి సముద్రం చూపించేవారు. "ఇవాళ ఎవరో కడిగినట్టున్నారు" అనేది గానీ, లారీ మాత్రం తీసేది కాదు. ఏడాది తిరిగేసరికి పిల్లలు రంగుల్లో పండితులైపోయేవారు. ఆవిడ మాత్రం అదే తరగతిలో ఉండిపోయేది.

పక్క గదిలో పాఠం చెప్పే నేను నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. "ఒక్కసారి ఓడిపోతే ఏం పోతుందే అనా?" అంటే, "ఓడిపోవడానికి నేను తప్పు చెబితేగా!" అని దబాయించేది.

చివరికి తల్లిదండ్రులకు చిర్రెత్తింది. ఊరిపెద్ద ఫెలేటి, పెద్దరికం ఉట్టిపడేలా మా దీవి మర్యాద ప్రకారం నడుముకు చాప చుట్టుకుని, ఆవిడను పిల్లల ముందే పరీక్షించడానికి వచ్చాడు. ఎర్ర తాబేలు బొమ్మ పైకెత్తాడు.

"ఇదేం రంగో చెప్పమ్మా. తప్పు చెప్పావంటే రేపట్నుంచి వేరే టీచర్ని పెట్టుకుంటాం."

గుమ్మంలోంచి చూస్తున్న నేను మనసులోనే మొక్కుకున్నాను. ఈ ఒక్కసారికి సరిగ్గా చెప్పవే తల్లీ!

ఆవిడ నోరు విప్పేలోగా, టీచర్‌ని కాపాడాలన్న ఆత్రంతో ముందు వరుసలోంచి లిసియేట్ లేచాడు. "ఆకుపచ్చ!" అని అరిచాడు. పాపం, వాడి కళ్లకు పుట్టుకతోనే ఎరుపూ ఆకుపచ్చా ఒకటే.

ఎవడో కిసుక్కుమన్నాడు. లిసియేట్ తల వాలిపోయింది.

"ఆకుపచ్చేంట్రా! పండిన అరటిపండులా కనబడుతుంటే! పసుపు!" అంది అనాసేని, చర్చి గంట మోగినట్టు.

అంతే, పిల్లలందరూ ఆవిడ మీద పడ్డారు. "ఎరుపు టీచర్, ఎరుపు!" అందరికంటే గట్టిగా, పొట్ట పట్టుకుని నవ్వుతున్నవాడు లిసియేటే.

నాకు అప్పుడు గానీ వెలగలేదు. తరగతిలో అందరికంటే పెద్ద మొద్దు టీచరే అయితే, ఇంకో మొద్దును చూసి నవ్వే తీరిక ఎవరికుంటుంది?

ఫెలేటి పిల్లాడి వంక చూశాడు, అనాసేని వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు. నడుం చాప సర్దుకుని పిల్లల మధ్య కూలబడి, తాబేలును అటూ ఇటూ తిప్పాడు.

"నాకైతే," అన్నాడు గంభీరంగా, "ఇది నీలంలా ఉంది."

పిల్లలు టీచర్‌ని వదిలేసి ఆయన మీదకు దూకారు.