అమ్మమ్మ ఐసు బండి

ఇంజను కనిపెట్టిన పెద్దమనిషి మా అమ్మమ్మ దగ్గర ఒక్క వారం పని నేర్చుకుని ఉంటే, ఈపాటికి బళ్లన్నీ తమ రిపేర్లు తామే చేసుకునేవి. నేను ఎనిమిదో తరగతిలోనే చదువుకు దండం పెట్టినదాన్నే అయినా, ఈ మాట ఎక్కడైనా రాసిస్తాను.

అమ్మమ్మది ఐసు తోలే పని. పొద్దున్నే ఫ్యాక్టరీలో దిమ్మలు ఎక్కించుకుని చేపల మార్కెట్టుకు చేరుస్తుంది. ఆ పికప్ బండి నాకంటే పెద్దది, నాకంటే మొండిది. పెట్రోలు చూపించే ముల్లు నేను పుట్టకముందే పడుకుంది. పక్క సీట్లో నేను, నా పక్కన తాతయ్య. దిమ్మలకు తాళ్లు కట్టడం, దారి పొడుగునా సలహాలివ్వడం ఆయన ఉద్యోగం.

ఆ వారం బండి రెండుసార్లు దారిలో ఆగిపోయింది. కాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు లేచేది. మార్కెట్టు మొత్తానికి ఐసు బేరం చేసే చేపల అక్క మొహం మీదే చెప్పేసింది.

"పిన్నీ, ఇంకొక్కసారి నీళ్లు తెచ్చి ఐసంటే ఊరుకోను. కొత్త వ్యానువాడు రోజూ వచ్చి అడుగుతున్నాడు."

మర్నాడే వంతెన దాటగానే బండి ఖళ్లుఖళ్లున దగ్గి ఆగిపోయింది. ఎండ ఎక్కుతోంది. వెనక దిమ్మల నీళ్లు రోడ్డు మీదికి ధార కట్టాయి.

"బ్యాటరీయే! నేను ముందే చెప్పానా?" అన్నాడు తాతయ్య.

అమ్మమ్మ హారను నొక్కింది. పక్కనే పడుకున్న కుక్క లేచి పరుగు తీసింది.

"బ్యాటరీ మీకంటే గట్టిగా అరుస్తోంది. దిగండి."

ప్లగ్గు విప్పి, తీగ తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి నన్ను తాళం తిప్పమంది. నిప్పురవ్వ టపటపలాడింది.

"నిప్పుంది. మరి తిండో?"

ప్లగ్గు బిగించేసి, కార్బురేటరుకు పెట్రోలు తెచ్చే గొట్టం లాగి సీసాలో పెట్టింది. మళ్లీ తిప్పాను. ఒక్క చుక్క రాలేదు.

"పెట్రోలు కొట్టించానన్నారుగా?"

"నిండా కొట్టించానే! నీ మీద ఒట్టు."

"ఆ ఒట్టేదో మీ మీదే వేసుకోండి."

అమ్మమ్మ వెళ్లి ట్యాంకు మూత పట్టుకుంది. కదల్లేదు. గుడ్డ చుట్టి పళ్లు బిగించి తిప్పింది. ఉస్సుమంటూ ట్యాంకు గాలి పీల్చుకుంది. మూత తిరగేస్తే, గాలి పోయే రంధ్రం మీద సైకిలు ట్యూబు ముక్క, దాని చుట్టూ బంక. ఎంత ముచ్చటగా అతికించారో!

తాతయ్య తీరిగ్గా వంతెనను పరిశీలించసాగాడు.

"ఇదెవరి పనితనమండీ?"

"బండంతా పెట్రోలు కంపు కొడుతోందని రోజూ నువ్వేగా సతాయించావు? నీ నోరు మూయించలేక దాని నోరు మూశాను."

"లోపలికి గాలి పోకపోతే బయటికి పెట్రోలు ఎలా వస్తుందయ్యా మహానుభావా! ఆగినప్పుడల్లా ఏ సందులోంచో కాస్త గాలి దూరితే గానీ లేవలేదు, పాపం."

ట్యూబు ముక్క పీకేసింది. ఈసారి తాళం తిప్పగానే సీసాలోకి పెట్రోలు చిమ్మింది. గొట్టం తగిలించాక బండి పొగ కక్కుకుంటూ లేచింది.

మార్కెట్టులో కొత్త వ్యానువాడు అప్పటికే నవ్వుతూ నిలబడి ఉన్నాడు. చేపల అక్క మా దిమ్మల మీద అరచేయి ఆనించి చూసింది. అంచులు అరిగాయంతే.

"సరే పిన్నీ, దించండి" అంది.

వ్యానువాడి నవ్వు మా ఐసుకంటే తొందరగా కరిగింది.

ఇదంతా రాసి, చూపుతోనే ఇంజను రోగం చెప్పే మహాతల్లివని పొగిడి మరీ అమ్మమ్మకు వినిపించాను. చేతుల నూనె తుడుచుకుంటూ వింది.

"చూపూ లేదు, నీ మొహమూ లేదు. మీ తాత నిజంగా పెట్రోలు కొట్టించాడో లేదో చూద్దామని మూత తీశానే."