జర్మన్‌లో ఊ కొట్టడం

జర్మనీ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే, బందరులో మా ముందుగదిలో లాప్‌టాప్ ఎదుట కూర్చోవడమే. అయినా అరచేతులకు చెమటలు పట్టి, చున్నీకి తుడుచుకుంటూనే ఉన్నాను. రెండేళ్లపాటు ఇక్కడి ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చి, కళ్లు మూతలు పడుతుంటే జర్మన్ నేర్చుకున్నాను. నాకు ముప్ఫై ఆరు నిండాయి. ఇది పోతే మళ్లీ పిలిచేవాళ్లు ఉండరనిపించింది. వంటింట్లో అమ్మ కుక్కర్ కూడా పెట్టకుండా ప్రార్థన చేసుకుంటోంది. ఆ నిశ్శబ్దానికి నాకు ఇంకా భయం వేసింది.

తెర మీద అక్కడి పెద్ద నర్సు. నెరిసిన పొట్టి జుట్టు, నవ్వని మొహం. తను డ్యూటీ దిగుతూ నాకు వార్డు అప్పగిస్తున్నట్టు అనుకోమంది. ఒక్కొక్క రోగి గురించి చెప్పుకుపోతోంది. నేను "యా... యా..." అంటున్నాను, వాళ్ల భాషలో అవునని. మన దగ్గర ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఊ కొట్టకపోతే మర్యాద కాదు. ఫోన్లో రెండు ఊలు తగ్గితే "ఉన్నావా?" అని కేకలేస్తారు. వింటున్నానని చెప్పడమే అది. అర్థమైందని కాదు, ఒప్పుకున్నానని అసలే కాదు.

"మూడో మంచం ఆయన న్యుష్టెర్న్‌గా ఉండాలి," అంది. "యా," అన్నాను. ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

"టిఫిన్ ట్రే వచ్చింది. ఇప్పుడేం చేస్తావు?"

అడిగితే భాష రాదని తేలిపోతుంది. ట్రే ఇచ్చేస్తానని నోటిదాకా వచ్చింది. ఆ మంచం మీద నిజంగా మనిషి లేడని తెలుసు. అయినా ఆ మాట అనలేకపోయాను.

"వాస్ బెడాయిటెట్ న్యుష్టెర్న్?" అన్నాను, అంటే ఏమిటండీ అని. జర్మన్‌లో అండీ లేదు గానీ నా గొంతులో ఉంది.

"ఏమీ తినకుండా, తాగకుండా ఉండటం. గంటలో ఆయనకు ఆపరేషన్."

పరగడుపు! రోజూ నేను పేషెంట్లకు చెప్పే మాటే.

"తెలియకుండా యా ఎందుకన్నావు? ఇంకా వేటికి అలా అన్నావు?"

అబద్ధం ఆడటానికి కూడా ధైర్యం చాల్లేదు. "మొదటి మంచానికి, రెండో మంచానికి కూడా," అన్నాను. ఆమె ఏదో రాసుకుంది. మూడు నెలల తర్వాత మళ్లీ మాట్లాడదామంది. అమ్మ గుమ్మంలోకి వచ్చి "ఏవన్నారే?" అంది. "మళ్లీ చూస్తారంట," అని బాత్‌రూంలోకి వెళ్లి ఏడ్చాను.

మర్నాడు మా ఆసుపత్రి వార్డులో, నాగాయలంక వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. చేపలమ్ముకుని బతికే మనిషి. రేపు ఆపరేషన్. ఈ రాత్రి పది దాటాక నోట్లోకి ఏమీ పోకూడదని, పొద్దున షుగర్ మాత్ర ఆపి, బీపీ మాత్ర ఒక్కటే గుక్కెడు నీళ్లతో వేసుకోవాలని గబగబా చెప్పాను. "ఊ... ఊ..." అంది. ఇంకెప్పుడైనా అయితే అంతటితో పక్క మంచానికి వెళ్లిపోయేదాన్ని. ఆ రోజు అక్కడే ఆగాను.

"నేనేం చెప్పానో ఒకసారి చెప్పండి పిన్నిగారూ," అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. "కోప్పడమాకమ్మా. సగం తెలవలేదు. అడిగితే ఏవంటావోనని..." అంది.

మళ్లీ మొదటినుంచి మెల్లగా చెప్పాను. ఇన్నేళ్లలో ఎన్ని మంచాల దగ్గర ఆ ఊ విని ముందుకు వెళ్లిపోయానో తలుచుకుంటే, ఇంటర్వ్యూలో కంటే ఎక్కువ భయం వేసింది.