పెద్ద అక్షరాలే చదివే మా అత్తయ్య

మా అత్తయ్యకు వార్తలంటే పెద్ద అక్షరాలే. కళ్లలో శుక్లాలు ముదిరి, చిన్న అక్షరాలన్నీ అలుక్కుపోయి కనిపించేవి. అందుకని ఫోన్‌లో శీర్షిక ఒక్కటే చదివి, మిగతా వార్త తనే అల్లుకునేది. ఆ అల్లిక చాలాసార్లు అసలు వార్త కన్నా బాగుండేది, అది వేరే సంగతి.

పొద్దున చందానగర్‌లోని మా ఫ్లాట్‌లో నేను నాకూ మా పాపకూ టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే, ఆవిడ కుర్చీ లాక్కుని మొదలుపెట్టేది. హైటెక్ సిటీకి నన్ను తీసుకెళ్లే ఆఫీసు క్యాబ్ వచ్చేలోపు ప్రపంచం ఒకసారైనా మునిగిపోవాల్సిందే.

ఒకరోజు గోపన్‌పల్లిలో రోడ్డు వెడల్పు చేస్తున్నారని వార్త వచ్చింది. అది ఆవిడ పుట్టిన ఊరు. ఒక యాప్‌లో "గోపన్‌పల్లికి మహర్దశ" అని ఉంది. ఇంకోదాంట్లో "గోపన్‌పల్లి గుండెలపై గునపం" అని ఉంది.

"ఏందే బిడ్డా, మా ఊర్ల రెండు రోడ్లు ఏస్తున్నరా?" అంది.

"ఒకటే రోడ్డు అత్తయ్యా. రాసేవాళ్లే ఇద్దరు. ఒకళ్లకి రోడ్డు వేసేవాళ్లంటే ఇష్టం, ఇంకొకళ్లకి గిట్టదు."

"మరి అసలు ముచ్చటేంది?"

"అది కింద చిన్న అక్షరాల్లో ఉంటుందండీ."

ఆనాటి నుంచి మా ఇంట్లో అదొక అలవాటైంది. ఆవిడ శీర్షిక చదవాలి, అందులోంచి షాకులు, కలకలాలు, గుండె గుభేల్‌మనడాలు తీసేసి, మిగిలింది నేను చెప్పాలి. చాలా రోజులు మిగిలేదేమీ ఉండేది కాదు. నా పుట్టిల్లు గుంటూరు వైపు కాబట్టి కారం ఎక్కడ ఎక్కువైందో నాకు ఇట్టే తెలుస్తుందని ఆవిడ ఎగతాళి.

ఆవిడ కంటి ఆపరేషన్‌కు రోజు ఖాయమయ్యేదాకా ఇదంతా నవ్వులాటే. సరిగ్గా ఆ వారంలోనే ఫోన్‌లో ఇది ప్రత్యక్షమైంది: "కంటి ఆపరేషన్‌కు వెళ్లిన వృద్ధురాలు.. కట్టు విప్పగానే ఏం జరిగిందో తెలిస్తే కన్నీళ్లు ఆగవు!"

అత్తయ్య ఫోన్ బోర్లా పెట్టేసింది. "నేను దవాఖానకు రాను. నాకు కనవడ్డంత సాలు."

గబగబా కింద ఉన్నదంతా చదివి వినిపించాను. ఆ ముసలావిడకు కట్టు విప్పగానే ఎదురుగా మనవరాలు కనిపించిందట, ఆనందం పట్టలేక ఏడ్చిందట. అంతకు మించి ఏమీ లేదు.

"నువ్వు అట్లనే సదువుతవ్. నన్ను తోల్కపోవాలె గదా," అంది.

తను స్వయంగా చదివితే గానీ నమ్మదు, ఆపరేషన్ అయితే గానీ చదవలేదు. మొన్ననే మెట్టు అంచు కనబడక తూలింది, గోడ ఆసరా దొరికింది కాబట్టి సరిపోయింది. మళ్లీ పడితే ఏమిటని నా భయం. ఆ భయంలో నోరు జారింది.

"సరే, మానేయండి. రేపు చూపు మొత్తం పోతుంది. మీ మనవరాలు ఎదురుగా నిలబడ్డా పోల్చుకోలేరు. గోడలు తడుముకుంటూ బతకాలి. అప్పుడు ఎంత ఏడ్చినా లాభం ఉండదు!"

అత్తయ్య నా వైపు తిరిగి, కళ్లు చికిలించి, ముసిముసిగా నవ్వింది.

"గిది గూడ హెడ్డింగే గదనే బిడ్డా! కింద ఏమున్నదో అది జెప్పు."

అడ్డంగా దొరికిపోయాను. నేర్పింది నేనే, ఇక తప్పించుకునేదెక్కడ? డబ్బాలు వదిలేసి పక్కన కూర్చున్నాను.

"డాక్టరు చిన్న ఆపరేషనే అన్నారు. సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. కొన్నాళ్లు కంట్లో నలుసు పడ్డట్టు ఉంటుంది, చుక్కల మందు వేసుకోవాలి. చాలామందికి బాగానే అవుతుందట. అందరికీ అవుతుందని మాత్రం ఆయన మాటివ్వలేదు. ఇంకా... నాకూ భయంగానే ఉందండీ."

ఆవిడ కొంగు సర్దుకుని నా వైపు జరిగింది.

"ఇగ దీన్ని నమ్ముత," అంది. "నీకు గూడ భయమైతున్నదని జెప్పినవు జూడు, అందుకు. కానీ నువ్వే రావాలె నాతోని."

వెళ్లాం. ఆపరేషన్ బాగానే జరిగింది.

కొన్నాళ్లకు, కన్ను కుదుటపడ్డాక, ఆవిడ ఆ పాత వార్తను పట్టుబట్టి నాతో వెతికించింది. వేలు పెట్టుకుని ఒక్కో వాక్యమే చదువుతుంటే, నేను చేతిలో గరిటెతోనే, పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లలా, పక్కనే నిలబడ్డాను. ఒకచోట ఆగి వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది కూడా.

"నువ్వు జెప్పిందే ఉన్నది," అంది.

ఫోన్ పక్కన పెట్టి తలెత్తింది. నా ముఖం వైపు అలా చూస్తూ ఉండిపోయింది. నేను ఈ ఇంటి కోడలినై ఇన్నేళ్లయినా ఆవిడ నన్ను సరిగ్గా చూడటం ఇదే మొదటిసారేమో అనిపించింది. ఆ పాడు శీర్షిక అన్నంత పనీ చేసింది, నాకు కన్నీళ్లు ఆగలేదు.

"ఏందే," అంది అత్తయ్య, "చుక్కల మందు ఏసింది నాకు గదా!"