ఒడ్డున నిలబడితే ఎంతదూరం కనపడతాం

పుట్టింటి నుంచి కొత్త మిరపకాయలు వచ్చాయి. మూట విప్పగానే ఘాటు ముక్కుకెక్కి వరసగా తుమ్ములు. ఈ ఘాటు తగిలినప్పుడల్లా మా అత్తయ్య కోటమ్మగారు నన్ను మొదటిసారి చూసిన రోజు గుర్తొస్తుంది. మాది పర్చూరు దగ్గర పత్తీ మిరపా పండే పల్లె. ఒంగోలు కాలేజీలో చదువుతూ కొత్తపట్నంలో సముద్రం మీద చేపల వేటకు వెళ్లే ఇంటి అబ్బాయిని ఇష్టపడ్డాను. కులం అడుగుతుందేమో, కట్నం అడుగుతుందేమో అని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, ఆవిడ నా ఎదురుగా పీట వేసుకుని, "అమ్మాయ్, మిరపకాయ చెట్టు మీదే ఎర్రబడుద్దా, కోశాక ఎండలో పోస్తే ఎర్రబడుద్దా?" అంది. చెట్టు మీదేనండి అన్నాను. "అట్టయితే అన్నీ ఒకేసారి పండవుగా. ముందు పండినవాటిని ఏం చేస్తారు?" పొయ్యి మీద అన్నం ఉడికేదాకా మిరపతోట గురించే అడిగింది. ఆ ప్రశ్నల మధ్యలోనే ఎక్కడో నా పెళ్లి ఖాయమైపోయింది.

చేపల గంపతో ఒంగోలు వెళ్లి అమ్ముకొచ్చే మనిషి. టీకొట్టు దగ్గర చీమకుర్తి గ్రానైట్ లారీ డ్రైవరు కనపడితే, అంత బండని పగలకుండా ఎట్టా కోస్తారని అడిగేది. అన్నీ అడిగే ఆవిడ పడవ మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. ఆడవాళ్లు వేటకు ఎక్కకూడదని ఆ ఇంటి పట్టింపు. రోజూ తెల్లవారుతూనే మామయ్య పడవని సముద్రంలోకి తోస్తే, ఆవిడ ఒడ్డున నిలబడి చూసేది.

ఒక శనివారం రాత్రి అన్నాలు తింటుండగా మామయ్యని అడిగింది. "ఒడ్డున నిలబడ్డ మనిషి మీకు ఎంతదాకా కనపడుద్ది?"

"కనపడతావులే, చాలా దూరం" అన్నారాయన.

"చాలా అంటే? నేనొచ్చి చూస్తా."

మామయ్య తండ్రి, మేమంతా తాతయ్య అని పిలిచే పెద్దాయన, గోడవారన కూర్చుని వింటున్నారు. "ఆడోళ్లెక్కితే వల ఖాళీగా వస్తది" అన్నారు.

"మామా, గంప పట్టుకుని ఒడ్డున ఉండేది నేనేగా. ఖాళీగా వచ్చిన రోజులు నాకు తెలియవా? ఆ రోజుల్లో ఏ ఆడది ఎక్కింది?"

తాతయ్య గోడ వదిలి ముందుకు జరిగారు. "సరే. నేనూ వస్తా. ఏం జరుగుద్దో చూద్దాం."

అలా మర్నాడు తెల్లవారుతూనే తాతయ్య, అత్తయ్య, మామయ్య, మా ఆయన, నేను, పదేళ్ల మా దీప్తి, నాలుగు తరాల వాళ్లం ఒకే పడవలో బయల్దేరాం. అత్తయ్య పక్కింటి మరియమ్మకి తన ఎర్రచీర కట్టించి, రోజూ తను నిలబడే చోటే నిలబెట్టింది. అలలు దాటేటప్పుడు నేను పడవ అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఆవిడ మాత్రం దీప్తిని ఒడిలో పెట్టుకుని ఒడ్డువైపే చూస్తూ కూర్చుంది. కాసేపటికే మరియమ్మ మొహం పోయింది. తర్వాత చేతులూ కాళ్లూ పోయి ఒక ఎర్రచుక్క మిగిలింది. ఆ తర్వాత అదీ లేదు. ఇళ్లు, తాడిచెట్లు మాత్రం ఇంకా కనపడుతూనే ఉన్నాయి.

"ఇంతేనా?" అంది అత్తయ్య.

మామయ్య ఇంజన్ దగ్గర తల వంచుకున్నారు. "రోజూ అంత పొద్దున్నే వచ్చి నిలబడతావు. కనపడవని ఎట్టా చెప్పేది?"

"అయినా నాన్న వెనక్కి తిరిగి చూస్తూనే ఉంటాడమ్మా" అన్నాడు మా ఆయన.  మామయ్యా ఆయనా కలిసి వల లాగారు. కొన్ని కానాగంత చేపలు, గుప్పెడు రొయ్యలు పడ్డాయి. తాతయ్య వంగి వలలోకి చూసి, "మామూలే" అన్నారు. "మామూలేనా మామా?" అని రెట్టించింది అత్తయ్య. "మామూలే" అన్నారాయన మళ్లీ, తనకీ ఆశ్చర్యమే అన్నట్టు.

ఆవిడ మనసు నొచ్చుకుందని నాకు అనిపించింది. మామయ్యకి కనపడుతున్నానన్న ఇన్నేళ్ల నమ్మకం ఒక్క పూటలో పోయింది. మర్నాడు ఆవిడ లేవదనుకున్నాను. కానీ తెల్లవారకముందే తలుపు చప్పుడైంది. నేనూ ఆవిడ వెనకాలే ఒడ్డుకి వెళ్లాను.

"మామయ్యగారికి మీరు కనపడరని తెలిసిందిగా అత్తయ్యా?"

"నేను కనపడను. పడవ నాకన్నా పెద్దదిగా, నాకు ఇంకాసేపు కనపడుద్ది. ఎంతసేపో ఇన్నాళ్లూ సరిగ్గా చూడలేదు. నువ్వూ ఉండు, చూద్దాం."

ఇద్దరం పడవ మాయమయ్యేదాకా నిలబడ్డాం. నేను అనుకున్నదానికన్నా చాలాసేపే కనపడింది.

అత్తయ్య పోయి రెండేళ్లు దాటింది. జవాబు నొప్పిస్తుందేమోనని నేను అడగకుండా మింగేసిన ప్రశ్నలు చాలా ఉండేవి, మా నాన్నని అడగాల్సినవి, మా ఆయన్ని అడగాల్సినవి. ఇప్పుడు అడుగుతున్నాను. కొన్ని జవాబులు నిజంగానే నొప్పించాయి. అయినా మర్నాడు పొద్దున్నే లేచి ఆ మనుషుల దగ్గరికే వెళ్లగలుగుతున్నాను.