బ్రేకులో కాలిన డీజిల్

మా నాయన ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు మినీలారీలో గొర్రెలు తోలేవాడు. దూరంగా రోడ్డు మీద ఏ మందైనా కనిపిస్తే చాలు, ఫర్లాంగు ముందే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసేవాడు. బండి దానంతటదే నెమ్మదించి, మంద దగ్గరికి చేరేసరికి నడకలో పడేది. బ్రేకు తొక్కడం ఆయన దృష్టిలో చేతగానితనం.

నేను అప్పుడే కాలేజీలో ఫిజిక్సు చెప్పడం మొదలుపెట్టాను. సెలవుల్లో ఒకరోజు స్టీరింగు నేను పట్టాను. ప్రతి మందకూ మీదిదాకా పోయి గట్టిగా బ్రేకు తొక్కాను. వెనక గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దుత్తలూరు దాటాక నాయన బండి ఆపించాడు. నన్ను దించి, నా చెయ్యి పట్టుకుని చక్రం వెనక బ్రేకు డ్రమ్ముకు తాకించాడు. చురుక్కుమంది.

"కాలతా ఉండాదా? పోసిన డీజిలంతా ఈడ తగలేసినావురా. మీ పుస్తకాల్లో దీన్ని ఏమంటారు?" అన్నాడు. ఎగతాళి కాదు, తెలుసుకోవాలనే అడిగాడు.

చెయ్యి మంట, దానికి తోడు ఉక్రోషం. "చెప్పినా నీకు అర్థం కాదులే నాయనా," అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

ఆయన పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు నేనూ మందను చూడగానే కాలు తీసేస్తున్నాను. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టుకోనీ. గతిజశక్తి బ్రేకులో వేడిగా మారుతుంది. అంతే, నాలుగు మాటలు. ఏటా క్లాసులో ఆ డ్రమ్ముతోనే ఈ పాఠం మొదలుపెడతాను. అర్థం కానివాడు ఇంతవరకూ ఒక్కడూ తగల్లేదు.