మెహర్ ఆపా ఊపిరికి తగిన యంత్రం

మొన్న పక్కింటావిడకు తోడుగా పంజాగుట్టలోని ఒక వైద్య పరికరాల దుకాణానికి వెళ్లాను. వాళ్లాయనకు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందట. దుకాణదారు అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి, గొట్టం తగిలించి, మీట నొక్కి, మాస్కును నా చేతికి ఆనించాడు. చల్లటి గాలి గట్టిగా తగిలింది. దాంతోపాటే కొత్త రబ్బరు వాసన ముక్కుకు సోకింది. ఆవిడేదో అడుగుతోంది కానీ నాకు వినపడలేదు. నా మనసు ఎనభైల చివర్లో, అమీర్‌పేటలో మేడ మీదున్న ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లోకి వెళ్లిపోయింది.

ఆ ఇన్‌స్టిట్యూట్‌ను మెహరున్నీసా ఆపా నడిపేది. ఆపా అంటే ఉర్దూలో అక్క, మేమందరం అలాగే పిలిచేవాళ్లం. మనిషి భారీగా ఉండేది, కొంగు తల మీంచి జారనిచ్చేది కాదు. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు సలీం భాయ్ కుటుంబంతో కలిసి ఉండేది. నేను యూసుఫ్‌గూడ నుంచి నడిచి వచ్చి ఆమె దగ్గరే టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నాను. హయ్యర్ పరీక్ష పాసయ్యాక పొద్దుటి బ్యాచ్ నాకప్పజెప్పింది. ఆపా డిక్టేషన్ చదువుతుంటే వినాలి. ఎక్కడా తొందర ఉండదు, తడబాటు ఉండదు. ఆ గొంతు వెంట పెన్సిల్ దానంతటదే పరిగెత్తేది. పరీక్షలో ఎవరి గొంతు విన్నా మాకు భయం వేయకపోవడానికి కారణం ఆ అలవాటే.

అలాంటి గొంతు ఒకరోజు వాక్యం మధ్యలో ఆగిపోయింది. తలెత్తి చూస్తే ఆపా చేతిలో పుస్తకం అలాగే ఉంది, కళ్లు మూతపడ్డాయి. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొకరు గురక పెట్టినట్టు నటించారు. కాసేపటికి ఆపా ఉలిక్కిపడి లేచి, "ఎక్కడిదాక వచ్చినం?" అంది. ఆమె అందరి మొహాలూ చూసి పుస్తకం మూసేసింది. మందలిస్తుందనుకున్నాను.

"నేను నిద్రపోయిన. గిట్ల మస్తుసార్లు అయితుంది," అంది మామూలుగా. "బస్సుల నిలబడ్డా కన్ను మూతపడుతుంది. గిది బద్ధకం కాదు, ఏందో బీమారీ. ఏందో కనుక్కుంట. అప్పటిదాక డిక్టేషన్ సుజాత చదువుతది," అని నన్ను చూపించింది.

తన లోపాన్ని అంత సూటిగా చెప్పిన పెద్దవాళ్లను నేను అంతవరకు చూడలేదు. ఆ తర్వాత క్లాసులో ఎవరూ నవ్వలేదు.

సలీం భాయ్ ఆలోచన వేరు. అక్కంటే ఆయనకు ప్రాణం. నిద్రలో ఆమె ఊపిరి ఆగడం ఇంట్లో అందరూ చూశారు, ఒకసారి పెదవులు నల్లబడేసరికి పిల్లలు ఏడ్చారు కూడా. "ఇన్‌స్టిట్యూట్ బంద్ చేద్దాం ఆపా. ఇంట్ల ఆరాం చెయ్యి," అని బతిమాలాడు. "ఇంట్ల పడుకుంటే ఊపిరి ఆగదా?" అని ఆపా అడిగితే, డాక్టర్‌కు చూపించడానికి ఒప్పుకున్నాడు.

పంజాగుట్టలోని ఒక నర్సింగ్‌హోమ్‌లో ఛాతీ డాక్టర్ ఉన్నారు. కోస్తా నుంచి వచ్చినాయన, నెమ్మదస్తుడు. ఈ జబ్బు గురించి చదువుకొని, విదేశం నుంచి రెండు రకాల యంత్రాలు తెప్పించి పెట్టుకున్నారు. ఊళ్లో అప్పటికి వాటి సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఆపాను కొద్దిరోజులు అక్కడే ఉంచి పరీక్ష చేశారు. పొద్దుటి బ్యాచ్ అవగానే నేను అక్కడికి వెళ్లేదాన్ని. ఒక మధ్యాహ్నం, భోజనం చేసి ఆపా పడుకున్నాక, ముక్కుకు మాస్కు పెట్టి చిన్న యంత్రాన్ని నడిపారు. అది ఆగకుండా గాలి పంపుతూ గొంతును తెరిచి ఉంచుతుంది. గురక ఠక్కున ఆగింది. సలీం భాయ్ సంతోషం పట్టలేక నా వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు. డాక్టర్ మాత్రం ఆపా ఛాతీ మీంచి చూపు తిప్పలేదు. "ఇప్పుడు చూడండి," అన్నారు. గురక లేదు. కానీ ఛాతీ కూడా కదలడం లేదు. ఆ తర్వాత ఒక పెద్ద శ్వాస, వెంట నాలుగు చిన్నవి, మళ్లీ ఏమీ లేదు.

ఆపా లేచాక డాక్టర్ వివరించారు. ఆమె ఇంగ్లీషు పుస్తకాలు చదువుతుందని తెలిసి ఆయన గబగబా ఇంగ్లీషు మాటలు వాడుతూ పోయారు. సలీం భాయ్ ప్రతి మాటకూ తల ఊపుతున్నాడు. ఆపా చెయ్యెత్తి ఆపింది.

"జర ఆగుండ్రి డాక్టర్ సాబ్. నాకు సమజ్ కాలె. మళ్ల మొదటికెల్లి చెప్పుండ్రి."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "మీకు రెండు ఇబ్బందులున్నాయండీ. ఒకటి, నిద్రలో గొంతు మూసుకుపోతోంది. ఈ చిన్న యంత్రం దాన్ని తెరుస్తుంది. రెండోది, గొంతు తెరిచే ఉన్నా, ఊపిరి తీసుకోమని మెదడు చెప్పడం లేదు. దానికి ఇది చాలదు."

ఆపా దాన్ని తన క్లాసు మాటల్లోకి మార్చుకుంది. "అంటే పెన్సిల్ మొన విరిగినా రాత ఆగుతది, చదివెటోళ్లు ఊకున్నా ఆగుతది. నాకు రెండూ ఉన్నయి."

"సరిగ్గా అదేనండీ!" అన్నారు డాక్టర్ నవ్వుతూ.

రెండో యంత్రం పెద్దది, చప్పుడు చేసేది. మనం ఊపిరి పీలిస్తే వెంట గాలి అందిస్తుంది, మరిచిపోతే తానే ఒక శ్వాస పంపుతుంది. దాంతో మొదటిరోజు ఆపాకు నరకమే. గాలి కళ్లలోకి చిమ్మింది, తను వదలబోతుంటే అది లోపలికి తోసింది. మాస్కు పీకేసి, "నా మాట అది వినాలె గాని, దాని మాట నేను వినుడేంది?" అంది కోపంగా. సలీం భాయ్ ఇదే సమయమని, "చిన్నదే తీసుకుందాం ఆపా. గురక పోయింది కద. గిది ఇంట్ల పెడితే వచ్చినోళ్లందరు అడుగుతరు," అన్నాడు.

"అడగనీ, చెప్త," అంది ఆపా. ఇక డాక్టర్‌ను అడగడం మొదలుపెట్టింది. "నేను పీలిస్తే దానికెట్ల తెలుస్తది? కరెంటు పోతే ఏంది? జలుబు చేసి ముక్కు మూసుకుపోతే? ఇది పెట్టుకుంటే నా ఊపిరి నేను తీసుకునుడు మర్చిపోతనా?" కొన్నిటికి ఆయన అక్కడికక్కడే చెప్పారు. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ ఏర్పాటు చేస్తానన్నారు. చివరి ప్రశ్నకు మాత్రం ఆగి, "మర్చిపోరనే అనుకుంటున్నాను. కానీ ఖాయంగా తెలియదండీ. కనుక్కుని చెప్తాను," అన్నారు.

ఆయన వెళ్లాక నేను భయపడుతూ, "డాక్టర్‌కే తెల్వదంటే ఎట్ల ఆపా?" అన్నాను.

"తెల్వదని చెప్పిండు కద, గందుకే నమ్ముతున్న," అంది ఆపా. మాస్కు తనే తీసుకుని ముక్కుకు ఆనించుకుంది.

డాక్టర్ గాలి వేగం తగ్గిస్తూ, పెంచుతూ, పట్టీలు సర్దుతూ రోజూ కూర్చున్నారు. క్రమంగా యంత్రం ఆమె వెంట నడవడం నేర్చింది, లేదా ఆమే దాని వెంట నడిచిందేమో. ఒక మధ్యాహ్నం ఆమె ఛాతీ ఎక్కడా ఆగకుండా లేస్తూ, దిగుతూ ఉండటం చూస్తూ సలీం భాయ్ గోడకానుకుని కళ్లు తుడుచుకున్నాడు. "పెద్దదే తీసుకుందాం," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

ఆపా మళ్లీ క్లాసుకు వచ్చిన రోజు పిల్లలు లేచి నిలబడ్డారు. తనకేమైందో, ఇంట్లో ఏ యంత్రం పెట్టుకుని పడుకుంటుందో దాచకుండా చెప్పింది. ముక్కు మీద మాస్కు వదిలిన ఎర్రటి గీత కూడా చూపించింది. ఆ తర్వాత పుస్తకం తెరిచి ఒక పొడుగాటి పాఠం మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు. చివరి వాక్యం అయ్యాక కళ్లజోడు మీంచి చూసి, "ఎవరికన్న లైను తప్పిందా? నాకైతె ఊపిరి తప్పలె," అంది. గది గదంతా నవ్వింది. ఈసారి ఆమె కూడా.

ఆమె ఇంకా ఎన్నో ఏళ్లు పాఠం చెప్పింది. తర్వాత నాకు ఒక సర్కారు ఆఫీసులో స్టెనో ఉద్యోగం వచ్చింది. మొదటిరోజే మా ఆఫీసరు నోట్లో నోట్లో గొణుక్కుంటూ ఏదో చెప్పి, "అర్థమైందా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తల ఊపమని కళ్లతోనే సైగ చేశారు. నేను పెన్సిల్ కింద పెట్టి, "కాలేదు సార్. మొదటినుంచి చెప్పండి," అన్నాను. ఆయన విసుక్కున్నాడు, కానీ చెప్పాడు. అప్పటినుంచి ఆఫీసర్ల ముందూ, డాక్టర్ల ముందూ, ఇంట్లో పెద్దల ముందూ ఆ మాట ఎన్నిసార్లు అన్నానో. అనేటప్పుడు ఇప్పటికీ కొంచెం భయం వేస్తుంది. గొంతు మాత్రం తగ్గించను.